బండి కింద మనిషి, బయట మాట

బల్ల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. బండ్ల పని చేస్తూ బండి కిందికి దూరని మేస్త్రి ఆయనొక్కడే. గేరుపెట్టె కానీ, స్టీరింగు రాడ్డు కానీ, ఎవరో ఒకరు విప్పి తెచ్చి తన బల్ల మీద పెట్టాలి. పెట్టాక ఇక బెంగ అక్కర్లేదు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఆ ఇనుముతో మాట్లాడుతున్నట్టే కూర్చుంటాడు. "ఒక్కసారి కిందికి తొంగిచూడు మేస్త్రీ" అని ఎవరైనా అడిగితే మాత్రం, "మెడ పట్టేసింది" అంటాడు. ఆ మెడ ఆయన పెళ్లికి ముందు నుంచీ పట్టేసే ఉంది.

అసలు సంగతి వేరు. వయసులో ఉన్నప్పుడు ఆయనా, ఆయన అన్నా ఒకే షెడ్డులో పనిచేసేవారు. ఒకరోజు అన్న బండి కింద ఉండగా జాకీ ఒరిగింది. బయటున్నవాళ్లు చూసి "రా, బయటికి రా" అని కేకలు పెట్టారు. కింద ఉన్నవాడికి కేక వినిపిస్తుంది కానీ మాట తెలియదు. అన్న "ఆఁ? ఏంటీ?" అంటూ తల ఎత్తాడు. ఆ అడిగినంతసేపు చాలింది. కాలు తుంటి దాకా నలిగిపోయింది. తమ్ముడు అప్పుడు బల్ల దగ్గర ఆకురాయితో ఇనుము అరగదీస్తున్నాడు. చూడలేదు, చప్పుడు విన్నాడు. చూసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్నేమో అంటాడు.

ఆ తర్వాత షెడ్డు పెద్దమేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. కింద మనిషి ఉన్నంతసేపూ బయట ఒకడు కూర్చుని మాట్లాడుతూనే ఉండాలి. ఏం మాట్లాడినా ఫర్వాలేదు, ఆపకూడదు. మాట ఆగిందా, కిందవాడు పానా ఎక్కడిదక్కడ వదిలేసి, ఎందుకని అడక్కుండా దొర్లుకుంటూ బయటికొచ్చేయాలి. ఆ షెడ్డు మూతపడి చాలాకాలమైంది. పద్ధతి మాత్రం ఈ అన్నదమ్ములతో మిగిలింది.

అన్న ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు, పక్క వీధిలో విడిభాగాల కొట్టు నడుపుతాడు. నోరు మాత్రం పరిగెడుతుంది. "నాకు కాలు పోయింది, మావాడికి ధైర్యం పోయింది. నాదే నయం, కర్ర దొరికింది" అని తమ్ముడి ముందే అంటాడు. తమ్ముడు నవ్వుతాడు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. ఊళ్లో మంచినీళ్ల క్యాన్లు వేసే ఆటో నడిపేది. కొండ మీద రాళ్ల క్వారీకి రోజూ నీళ్లు తోలే పని ఒప్పుకుని, దానికోసం ఒక పాత పికప్పు కొంది. నాలుగు చక్రాలూ లాగే బండి, ఎత్తుగా ఉంటుంది, ఇంజను మాట వింటుంది. తండ్రి చుట్టూ తిరిగి చూశాడు. వెనక మూల మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కి వదిలాడు. మామూలుగా అయితే బండి ఒకసారి లేచి నిలబడాలి. ఇది లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది, నిద్రపట్టనివాడిలా కదులుతూనే ఉంది. టైరు మీద చెయ్యి తిప్పితే గుంటలు గుంటలుగా అరిగి ఉంది. షాక్ అబ్జార్బర్ల గొట్టాలు నూనె కారి, దుమ్ము పట్టి, నల్లగా ఉన్నాయి.

"షాకులు పోయాయమ్మా."

"బండి పరిగెడుతోంది కద నాన్నా."

"పరిగెడుతుంది. రోడ్డు మీద ఉంటుందా అన్నదే."

"నువ్వు ఉయ్యాల చూసినా భయపడతావు" అని నవ్వి, కొండదారి చూపిస్తానని బండెక్కించుకుపోయింది.

క్వారీ లారీలు తిరిగి తిరిగి ఆ మట్టిదారి చారలు చారలుగా, రేకుల కప్పులా మిట్టపల్లాలు కట్టి గట్టిపడి ఉంది. సగం కొండ దిగాక ఒక మలుపు వస్తుంది. ఎడమ పక్క బండరాయి. కుడి పక్క ఏమీ లేదు, కింద ఎక్కడో తుప్పల తలలు. ఆ మలుపులో చారల మీద వెనక చక్రాలు నేలని వదిలేశాయి. పట్టుకుని, మళ్లీ వదిలాయి. బండి తోక మెల్లగా, ఎవరో జరిపినట్టు, కుడి పక్కకి జరిగింది. కూతురు స్టీరింగు తిప్పి సర్దుకుంది. "చూశావా, ఎలా పట్టానో!" అంది. మేస్త్రి చూసింది అది కాదు. బండి ఖాళీగా ఉంది. రేపు వెనక నిండా నీళ్లు ఉంటాయి. నీళ్లు ఊరుకోవు, బండి ఎటు వంగితే అటు తోస్తాయి. ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని అరచేతులు చూసుకుంటే, బండిలో ముందున్న పిడిని పట్టుకున్న అచ్చులు ఇంకా ఉన్నాయి.

ఆ రాత్రి అన్నం ముందు చెయ్యి కడుక్కుని అలాగే కూర్చుండిపోయాడు. "మీరు తినకపోతే దాని చక్రాలు నిలబడతాయా?" అంది భార్య. తన పళ్లెంలోనూ అన్నం తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే అన్న కొట్టుకెళ్లి నాలుగు కొత్త షాకులు తెచ్చాడు. వేరే మేస్త్రిని పిలుద్దామంటే కూతురు ఒప్పుకోలేదు. "కొండ మీద ఏదైనా ఊడితే నేనేగా కిందికి దూరాలి. ఇక్కడే నేర్చుకుంటా. నువ్వు బయట కూర్చుని చెప్పు." ఆయన చేయగలిగింది జాగ్రత్తే. బురద కళ్లలో రాలకుండా, ఛాసిస్ చట్రం మీద పగుళ్లుంటే కనబడేలా, ఆ సాయంత్రమంతా పెరట్లో గొట్టం పెట్టి బండి అడుగు కడిగాడు. తుడిచాడు. మళ్లీ కడిగాడు.

తెల్లారాక ఎండ వచ్చింది, పెరడు పైకి ఆరింది. చెక్క పలక వేసి దాని మీద జాకీ, ఇంకో పలక మీద ఇనుప స్టాండు పెట్టి వెనక కుడి మూల లేపారు. తుప్పు పట్టిన బోల్టుకి సుత్తి ఆడాలంటే చక్రం అడ్డం కనక అదీ విప్పారు. ఆ చక్రాన్ని పడుకోబెట్టి ఛాసిస్ కిందికి తోశాడు మేస్త్రి, ఏదైనా అయితే దాని మీద ఆగుతుందని. కూతురు గోనెపట్టా పరుచుకుని దూరింది. ఆయన ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, "మాట ఆగితే వచ్చేయాలి, తెలుసుగా" అని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

మేస్త్రి మాటకారి కాడు. ఎదురింటి గోడ రంగు గురించి చెప్పాడు. బల్ల దగ్గర ఫ్యాను ఎందుకు కిర్రుమంటుందో చెప్పాడు. కూతురు చిన్నప్పుడు డబ్బా నిండా బేరింగు గుళ్లు నేల మీద పోసి, వాటి మీద అమ్మ జారిపడితే మంచం కింద దాక్కున్న సంగతి చెప్పాడు. తర్వాత మళ్లీ ఫ్యాను దగ్గరికొచ్చాడు.

"నాన్నా, ఫ్యాను కథ ఇందాకే అయిపోయింది."

"ఇది టేబుల్ ఫ్యానమ్మా. ఇందాకటిది పైన ఫ్యాను."

కింద నుంచి నవ్వు, ఆ వెంటే సుత్తి దెబ్బ. పై నట్టు వచ్చింది. కింది బోల్టు కదలనంది. కాలు చాచుకోను చోటు లేదని కూతురు అడ్డమున్న చక్రాన్ని పాదంతో బయటికి నెట్టేసింది. "అది ఉండనీయమ్మా" అన్నాడు. "రెండు దెబ్బలే నాన్నా, నువ్వు కానియ్యి" అంది. ఆయన కానిచ్చాడు. ఆ టేబుల్ ఫ్యాను రెక్క ఒకటి వంకరని, గాలి ఒక పక్కకే కొడుతుందని చెబుతున్నాడు.

దెబ్బ పడింది. స్టాండు కింది పలక వైపు చూశాడు. పలక ఒక మూల కనబడటం లేదు.

పైన ఆరిన మట్టి కింద నిన్న ఆయన పోసిన నీళ్లన్నీ ఉన్నాయి. ఇంకో దెబ్బ పడింది. మట్టి మెత్తగా పెదవి విప్పింది, పలక పక్కనుంచి నీటిచెమ్మ ఊరింది, స్టాండు ఒక కాలు పక్కకి వాలింది. ఆయన నోరు తెరిచే ఉంది. అందులో ఫ్యాను లేదు, రెక్క లేదు, కూతురి పేరు కూడా లేదు. కాళ్లూ చేతులూ ఎవరివో అయిపోయాయి.

సుత్తి కింద పడ్డ చప్పుడు. గోనెపట్టాతో సహా కూతురు దొర్లుకుంటూ బయటికొచ్చి ఆయన పీటకి తగిలింది. ఆ వెనకే స్టాండు పడుకుంది, జాకీ ఒరిగింది. బండి పెద్ద చప్పుడేమీ చేయకుండా, అలసిన మనిషిలా, ఆ మూల మీద కూర్చుంది. ఛాసిస్ సుత్తిని మట్టిలోకి నొక్కేసింది, పిడి మాత్రం పైకి కనబడింది.

తర్వాత అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. పద్ధతి మరిచిపోలేదని, సమయానికి మాట ఆపాడని. ఆయన ఒప్పుకోడు. "నేను ఆపలేదు. అదే పోయింది" అంటాడు.

కబురు తెలిసి, కర్ర టకటకలాడించుకుంటూ అన్న వచ్చాడు. బండిని చూశాడు, ఒక్క జోకూ వెయ్యలేదు. అది చూసి తండ్రీకూతుళ్లకి ఇంకా భయమేసింది. "ముందు దీన్ని లేపి నా కొట్టు ముందుకి తెండి. అక్కడ సిమెంటు నేల" అన్నాడు. వెడల్పాటి రాతిబండ వేసి లేపి, చక్రం బిగించి, మెల్లగా తీసుకెళ్లారు.

కొట్టు ముందు మళ్లీ బండి లేపారు. స్టాండ్లు రెండు, వాటి పక్కన దుంగలు, చక్రం ఛాసిస్ కింద. మేస్త్రి ఒక్కోదాన్నీ తన్ని చూశాడు. కూతురు గోనెపట్టా పరిచి, దాని ముందు కూర్చుంది. పడుకోలేదు. జుట్టు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. పానా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"మంచినీళ్లు తాగుతావా?" అన్నాడు తండ్రి.

"వద్దు." పానా పట్టా మీద పెట్టి, "నాన్నా, వేరే మేస్త్రి ఎవర్నైనా పిలుద్దామా?" అంది.

ఈ పిల్లకి కాస్త భయం ఉంటే బాగుండునని ఆయన ఎన్నాళ్ల నుంచో అనుకునేవాడు. ఇప్పుడు వచ్చింది. వచ్చాక ఆ మొహం చూడలేకపోయాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"జరుగు. ఇద్దరం దూరదాం."

"నీ మెడ?"

"మెడ సంగతి మెడ చూసుకుంటుంది. అన్నయ్యా, నువ్వు మాట్లాడు."

"అడగాలా?" అని అన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఇక చూడాలి. తమ్ముడి పెళ్లిచూపుల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. "పిల్లని చూడమంటే వాళ్లింటి తలుపు బందు కిర్రుమంటోందని నూనె అడిగాడమ్మా మీ నాన్న. మీ అమ్మ ఆ నూనె ఇవ్వడానికే బయటికొచ్చింది." కింద చీకట్లో, మొహానికి జానెడు పైన ఇనుము ఉండగా, మేస్త్రి ఊపిరి లెక్క తప్పింది. చెవులు మాత్రం అన్న గొంతుని వదల్లేదు. కూతురు భుజం తన భుజానికి ఆనుకుని ఉంది. ఎవరు వణుకుతున్నారో తెలియలేదు.

బోల్టు వచ్చింది. పాత షాకు చేతిలోకి తీసుకుని లాగితే సైకిలు పంపులా వదులుగా వచ్చింది, వదులుగా పోయింది. కొత్తదానికి కట్టిన పట్టీ కోయగానే కడ్డీ తనంతట తనే బలంగా బయటికి తోసుకొచ్చింది. "దీనికి ప్రాణం ఉంది" అంది కూతురు. నాలుగు షాకులూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బోల్టులు చివరిదాకా బిగించలేదు. బండిని దించి, బరువు చక్రాల మీద పడ్డాక బిగించారు. గాల్లో బిగిస్తే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్షులు మెలిపడి నాలుగు రోజుల్లో చిరుగుతాయి.

మొదటి లోడు పైకి వెళ్లిన రోజు ఆయన పక్కన కూర్చున్నాడు. పెద్ద పీపాలు నింపుకుని ఎక్కారు. క్వారీవాళ్లు ఒక పీపా దించుకోలేదు, తొట్టి నిండిందట. ఆ పీపా నీళ్లతోనే దిగాల్సొచ్చింది. దిగేటప్పుడు కూతురు మాట్లాడలేదు, పాట పెట్టలేదు. మలుపు కనబడగానే రెండో గేరులోకి వచ్చింది. చారల మీదికెక్కారు. బండి గజగజలాడింది, తలుపులు మోగాయి, నీళ్లు ఒక పక్కకి వచ్చి పడ్డాయి. మేస్త్రి కళ్లు మూసుకోకుండా ఉండటానికి కుడి పక్కకే చూశాడు. తుప్పల తలలు అక్కడే ఉన్నాయి. వెనక చక్రాలు ఒక్కసారి ఎగిరాయి, వెంటనే నేలని అందుకున్నాయి. ఇక వదల్లేదు. తోక ముందు చక్రాలు వెళ్లిన దారినే వచ్చింది.

మలుపు దాటాక, వెడల్పు చోట, "ఆపు" అన్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదు. ఆపు."

దిగి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, వెనక మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చెయ్యి పెట్టాడు. పనిచేసిన షాకు వేడెక్కుతుంది, చచ్చినది చల్లగా ఉంటుంది. ఇది వేడిగా ఉంది. అవతలిదీ వేడిగానే ఉంది. ముందుకెళ్లి ఆ రెండూ చూశాడు. కూతురు దిగి వచ్చి, తనూ చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది.

"కాలుతోంది."

"కాలాలి. రోజూ ఇక్కడ ఆపి చూడు."

"రోజూనా?"

"ఏ రోజైనా నాలుగింట్లో ఒకటి చల్లగా ఉంటే, మర్నాడు పైకి వెళ్లకు."

సరేనంది. వెనక్కి తిరిగి మలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత చక్రం దగ్గర రాయి తీసేసి, ముందుగా ఆయన వైపు తలుపు తీసి పట్టుకుంది. ఆయన ఎక్కి, ముందున్న పిడిని మళ్లీ రెండు చేతులతో పట్టుకున్నాడు.