నాలుగు చోట్ల నీళ్లు, ఒక్క డబ్బీ

మూడేళ్ల పరిశోధనను మూడు సెకన్లలో, అదీ ఎంతో భక్తితో, ఎలా ముంచాలో తెలుసుకోవాలంటే నా పాత డైరీ చదవండి. చేసిన తప్పు తప్ప అన్నీ అందులో ఉన్నాయి.

అప్పట్లో నేను తాండూరు నుంచి రోజూ రైల్లో వికారాబాద్ కాలేజీకి వచ్చి, నీళ్లు, కిరోసిన్ లాంటి ద్రవాలు ఎక్స్‌రేను ఎంత ఆపుతాయో కొలిచేవాణ్ణి. పలచని ప్లాస్టిక్ కిటికీలున్న చిన్న డబ్బీ. ముందు అది ఖాళీగా ఉన్నప్పుడు, తర్వాత ద్రవం పోసినప్పుడు ఎంత కిరణం దాటిందో చూడాలి. తేడా ద్రవం ఖాతాలోకి పోతుంది. ఖాళీ డబ్బీని దసరాకు ముందే కొలిచి డైరీకెక్కించాను. డైరీకెక్కినదాన్ని మళ్లీ కొలవడమంటే నన్ను నేనే అవమానించుకోవడం.

సెలవుల తర్వాత నీళ్లు పోసి కొలిచాను. అంకె చూసి మా గైడ్ సారు కళ్లజోడు తీశారు.

"ఏందయ్యా, నీళ్లు గింతనా ఆపేది? మీ తాండూరు బండ గిట్ట కరిగించి పోసినవా?"

"ఉత్త నీళ్లే సార్. డైరీల రాసిన."

"డైరీ సంగతి తర్వాత, నీళ్లు మార్చు. శుక్రవారం దాకా సరిగ్గ రాకుంటే సంతకం పెట్టను. మూడేండ్ల పని మళ్ల మొదటికే."

మార్చాను. తాండూరు బోరు, నవాబుపేట బావి, మర్పల్లి చెరువు, చివరికి బ్యాటరీలో పోసే నీళ్లు. రైల్లో నా క్యాన్ చూసి పక్కాయన, "వికారాబాద్‌ల నీళ్లకు గింత పరేషాన్ ఉన్నదా?" అని జాలిపడి సీటిచ్చాడు. అన్ని నీళ్లూ కూడబలుక్కున్నట్టు బండలాగే మొండికేశాయి. కిరోసిన్ కూడా వాటి పక్షమే చేరింది.

శుక్రవారం మధ్యాహ్నం గది ఊడ్చే మల్లమ్మ చీపురు ఆపింది.

"సారూ, దసరా బొట్టు ఇంకా తుడవలేదా? మిషిన్లన్ని నేను తుడిచిన. గా డబ్బీ ముట్టద్దని మీరే కాయితం అంటిస్తిరి."

ఆయుధపూజనాడు కిరణం ఎక్కడ దాటుతుందో స్కేలు పెట్టి కొలిచి, సరిగ్గా అక్కడే గంధం, దాని మీద దట్టంగా కుంకుమ పెట్టిన మహానుభావుణ్ణి నేనే. కనిపించలేదా అంటారు. రోజూ కనిపించింది. బొట్టు ఉండాల్సిన చోట బొట్టుంటే ఎవరికి అనుమానం?

తుడిచాను. నీళ్లు బుద్ధిగా నీళ్లయ్యాయి. సారు మాత్రం నవ్వలేదు.

"కుంకుమల ఏమేస్తరు?"

"పసుపు, సున్నం సార్."

"సున్నం ఏడికెల్లి వస్తది?"

"మా తాండూరు బండలసొంటి బండలకెల్లి సార్."

"మరి మొదటిరోజే నేనేమన్న?" అంటూ సంతకం పెట్టారు.

ఇప్పటికీ దసరాకు మిక్సీకి, స్కూటర్‌కు బొట్టు పెడతాను. పెట్టిన చోటు, తుడవాల్సిన తేదీ ముందే డైరీలో రాస్తాను. కిరణం వెళ్లే దారిలో మాత్రం ఇక ఏ దేవుణ్ణీ కూర్చోబెట్టనని ఆ దేవుడి మీదే ఒట్టు.