ఫోటోలో లేని కర్ర

మా నాన్నగారు ఏలూరు మిషన్ బళ్ళో డ్రాయింగ్ మాస్టారు. మిషన్ బంగ్లాలో ఉండే దొరసాని గారు చదివి పక్కన పెట్టిన ఇంగ్లీషు బొమ్మల పత్రికలు మా ఇంటికి వచ్చేవి. వాటిలో విమానాల ఫోటోలంటే నాకు పిచ్చి. నాన్నగారు కింద ఉన్న పేరును అరచేత్తో మూసి, "ఇదేమిటో చెప్పమ్మా" అనేవారు. రెక్కలు, చక్రాలు, తోక ఆకారం చూసి చెప్పేదాన్ని. మొదటి జర్మనీ యుద్ధం అయ్యాక జనం మరిచిపోయిన పాత విమానాలంటే మరీ ఇష్టం. నేను అదే బళ్ళో పంతులమ్మనయ్యాక కూడా ఆ ఆట మేం మానలేదు.

పందొమ్మిది వందల ముప్పైల్లో ఒక వేసవిలో మద్రాసు నుంచి ఒకాయన విమానం తెచ్చి, తాడేపల్లిగూడెం బయట మైదానంలో టిక్కెట్టు పెట్టి జనాన్ని ఎక్కించి తిప్పాడు. సరికొత్త విమానమని ఊరూరా కరపత్రాలు పంచాడు. నడిపేదీ ఆయనే. ఒకరోజు ఒంటరిగా ఏలూరు వైపు వస్తుంటే ఇంజను ఆగి కొల్లేట్లో పడ్డాడు. ముక్కు బురదలో దిగబడి విమానం తోక పైకి లేచింది. కొల్లేటికోట జాలరులు ఇద్దరు అన్నదమ్ములు దోనె వేసుకెళ్ళి, సీటు పట్టీలు కోసి ఆయన్ని బయటికి లాగారు. నడుములోతు బురదలో భుజాల మీద మోసుకొచ్చారు.

మర్నాడు ఆ ఇద్దర్నీ పోలీసులు పట్టుకుపోయారు. విమానం చక్రాల మధ్య ఉండే కర్ర సామాను విరిచి దొంగిలించారని, ముక్కు పగలడానికి కూడా వాళ్ళే కారణమని ఆయనే ఫిర్యాదు ఇచ్చాడు! పేపరువాళ్ళు "కొల్లేటి దొంగలు" అని అచ్చు వేశారు. అది చదివి నాకు అన్నం సహించలేదు. ప్రాణం పోసినవాళ్ళకు ఇదా ఇచ్చేది?

ఏలూరు బజారులో ఫోటో స్టూడియో అద్దాల వెనక ఆ విమానం ఫోటో పెట్టి ఉంది. ఫోటోలో బియ్యం మిల్లు యజమాని ఒకాయన కండువా సర్దుకుని విమానం ముందు నిలబడి ఉన్నాడు. ఫోటో చూడగానే తోక దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. చుక్కాని అచ్చం కామా గుర్తులా ఉంది. అది యుద్ధకాలంలో కుర్రాళ్ళకు నడపడం నేర్పిన పాత రకం విమానం. ఆ రకానికి చక్రాల మధ్య నుంచి పొడవాటి కర్ర ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, దిగేటప్పుడు ముక్కు నేలకు గుచ్చుకోకుండా. ఈ ఫోటోలో ఆ కర్ర లేదు! అది ఉండాల్సిన చోట రెండు ఇనుప కమ్మీలు ఖాళీగా వేలాడుతున్నాయి.

"ఇదెప్పుడు తీశారండీ?" అని స్టూడియో ఆయన్ని అడిగాను.

"ఆ పొద్దున్నేనండి. ఇది తీశాకే కదండీ, ఆయన ఎగిరి కొల్లేట్లో పడింది!"

అంటే కర్ర లేకుండానే ఎగిరి, ఆ తప్పును జాలరుల మీదికి నెట్టాడన్నమాట. ఇంటికెళ్ళి ఆ రకం విమానం బొమ్మ ఉన్న పత్రిక వెతికి తీశాను. నాన్నగారినీ, ఫోటోతో సహా స్టూడియో ఆయన్నీ వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళాను. విమానం ఆయన అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఎండిన బురద బట్టలతోనే నేల మీద ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు నన్ను చూడనైనా చూడలేదు. "ఏవండీ మాస్టారూ, ఆడపిల్లని ఇక్కడికి తీసుకొచ్చారేంటండీ?"

"మాట్లాడాల్సింది తనేనండి," అన్నారు నాన్నగారు.

నేను పత్రికా, ఫోటో పక్కపక్కన పెట్టి చెప్పాను. "ఇది కొత్తది కాదండీ. యుద్ధకాలం నాటిది. తోక చూడండి, రెండింటికీ ఒకటే. ఈ పాత రకానికి చక్రాల మధ్య ఇదిగో, ఇలాంటి కర్ర ఉంటుంది."

విమానం ఆయన ముఖం కందగడ్డలా అయింది. కరపత్రాల గొప్ప పోతుందని భయపడ్డాడేమో, ముందూవెనకా చూడకుండా అరిచాడు. "అబద్ధం! మాది సరికొత్త మోడలు. దీనికి అలాంటి కర్రే ఉండదు!"

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టాడు. "ఉండదా అండీ? మరి వీళ్ళు పట్టుకుపోయిందేమిటి?"

 అప్పుడు స్టూడియో ఆయన ఫోటోలో ఆ ఖాళీ కమ్మీల మీద వేలు పెట్టి, అది ఏ పొద్దున తీసిందో చెప్పాడు.

సాయంత్రానికి అన్నదమ్ములను వదిలేశారు. వదిలేశారంటే "పొండి" అన్నారు, అంతే. తప్పయిందని ఎవరూ అనలేదు. విమానం ఆయన వాళ్ళ పక్క నుంచే నడిచి వెళ్ళి జట్కా ఎక్కాడు. తనను మోసిన భుజాల వైపు ఒక్కసారైనా తల తిప్పలేదు. అబద్ధపు ఫిర్యాదు చేసినందుకు అతన్ని అడిగిన నాథుడు లేడు. ఇన్‌స్పెక్టరు మాత్రం నాన్నగారితో, "మీ అమ్మాయికి కాస్త నోరెక్కువండీ" అన్నాడు.

నేను నాన్నగారితో కలిసి పేపరు విలేకరి ఇంటికి వెళ్ళి, దొంగలని రాసినట్టే కారని కూడా రాయమని అడిగాను. "అది వార్త కాదమ్మా" అని ఆయన తలుపు మూశాడు.

తిరిగి వస్తుంటే కాలవ గట్టు మీద అన్నదమ్ములు కనబడ్డారు. పెద్దవాడు నాన్నగారికి దణ్ణం పెట్టాడు. "ఇంకోసారి అలాంటివాడు పడితే ఏం చేస్తారు?" అని కోపంగా అడిగాను.

"తీస్తామండి. నీళ్ళల్లో మనిషిని వదిలేస్తామా అండి?"

నాన్నగారి కళ్ళు చెమ్మగిల్లాయి. నాకు మాత్రం కోపమే మిగిలింది. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు.