తెల్ల డబ్బా బీరు

దండాసి వాళ్ల తాత సముద్రం దాటి వలసొచ్చి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తండ్రీ అదే పని చేశాడు. దండాసి మాత్రం ఓడెక్కి, ఇరవై రెండేళ్లు సరుకు ఓడల ఇంజను గదుల్లో ఉడికి, మోకాళ్లు అరిగాక మళ్లీ అహ్లోన్ చేరాడు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. ఆ వేడిలో తనతోపాటు మగ్గినవాళ్లలో మిగిలింది కూర్మనాథం ఒక్కడే.

అమెరికా రేవుల్లో ఓడ ఆగితే ఇద్దరూ అన్నిటికన్నా చవకైన బీరు వెతికేవారు. ఒక రకం పొట్టి సీసాల్లో వచ్చేది. మూత లోపల బొమ్మల పొడుపుకథ ఉండేది. ఒక్కటీ విప్పలేకపోయినా జేబు నిండా మూతలు పోగేసేవారు. ఇంకో రకం తెల్ల డబ్బా. కంపెనీ పేరు లేదు, బొమ్మ లేదు. నల్లటి అక్షరాల్లో ‘బీరు’ అన్న ఒక్క ముక్క. తాగితే తడిసిన అట్టపెట్టెను పిండుకుని తాగినట్టుండేది. తిట్టుకుంటూనే తాగేవారు.

ఎనభై మూడులో హ్యూస్టన్‌లో కొన్నవాటిలో ఒక డబ్బాను దండాసి దాచాడు. ఓడ దిగాక ఇద్దరూ కలిసి తాగాలని. దిగారు. పెళ్లిళ్లు, పిల్లలు, కర్ఫ్యూలు. ఎప్పటికప్పుడు ఏదో ఒకటి.

ఈ వానల్లో కూర్మనాథానికి పక్షవాతం వచ్చింది. నెలరోజులుగా మాట లేదు. మనిషిని పోల్చుకుంటున్నాడో లేదో ఇంట్లోవాళ్లకే తెలియదు. వాడికి కూడా గుర్తులేకపోతే ఆ బతుకంతా జరిగిందని చెప్పేవాళ్లు ఇక ఎవరు? ఇన్నాళ్లకు దండాసి పెట్టె తెరిచి డబ్బా తీశాడు.

“ఇదేటే, గాలిలా ఉంది?”

“నానేటి సేసేను?” అంది భార్య సన్యాసమ్మ. “ఏటేటా ఆయుధపూజకి నీ ఓడ కాయితాలకీ దానికీ పసుపు రాసి బొట్టెట్టేను.”

“తడి పసుపా?”

“పొడిది అంటుకుంటాదేటి మరి!”

అడుగున తుప్పు పట్టి సూదిమొనంత చిల్లు పడింది. ఎన్నేళ్లనాడు ఇంకిపోయిందో!

“మీ మొకాలకి ఈ ఊరి బీరు సాలదా? కొనుక్కెళ్లు” అంది ఆవిడ.

దారిలో ఒక డబ్బా కొన్నాడు. బస్సులో నిలబడే సంచౌంగ్ పేట చేరాడు. కూర్మనాథం ఉండేది అయిదో అంతస్తు. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కేసరికి చొక్కా వీపుకంటుకుంది. కరెంటు లేదు.

“సిన్నాన్నా, ఈ మోకాళ్లతో ఎక్కేవా!” తలుపు తీసిన కూతురు మణిమాల సంచిలోకి చూసింది. “నాన్న మింగలేడు.”

“మింగక్కర్నేదమ్మా. నాలిక తడిపితే సాలు.”

వంటింట్లోకెళ్లి గ్లాసులో పోసుకొచ్చాడు. డబ్బా అక్కడే వదిలేశాడు. మంచం పక్కన కూర్చుని గుడ్డ ముక్క ముంచి కూర్మనాథం పెదాలకి అద్దాడు.

“నాథం, తెల్ల డబ్బారా. దాసింది తెచ్చేను.”

ఈ వయసులో, వాడితోనే అబద్ధం. ఆ కళ్లు తిరగని ఫ్యాను మీదే ఉన్నాయి. మళ్లీ అద్దాడు. గడ్డం మీదికి కారింది. తుడిచాడు. ఇక చాలనుకుని గుడ్డ గ్లాసులో వేసేశాడు.

పెదాలు కదిలాయి.

“అది... కాదు.”

మణిమాల తలుపు పట్టుకుని నిలబడిపోయింది. దండాసి వంగి వాడి నోటి దగ్గర చెవి పెట్టాడు.

“ఏట్రా కానిది?”

కూర్మనాథం నాలిక పెదాల మీద మెల్లిగా మెదిలింది. “ఇది... బాగుంది.”

“ఓరి నీ మొకం మండా! నెల్రోజులు నోరు ముడుసుకుని, ఇప్పుడు నా దొంగతనం పట్టుకోడానికి తెరిసేవేట్రా?”

కూర్మనాథం నోరు ఒక పక్కకి వంకర తిరిగింది. నవ్వే కావచ్చు. ఆ తర్వాత ఎంత కదిపినా పలకలేదు.

దండాసి గుడ్డ పిండి పక్కన పెట్టి, గ్లాసులోది తనే తాగాడు. వెచ్చగా ఉంది. దిగాల్సిన అయిదంతస్తులూ గుర్తొచ్చాయి. కాసేపాగి వెళదాంలెమ్మని గోడకి జారగిలబడ్డాడు.