నలభై ఒక్కరు చూసిన ఉత్తరం

మా బావ మీద ఆ మూడు వారాలూ నాకున్న కోపం ఇంతా అంతా కాదు. కుడిచేతి రెండు వేళ్ళు పోగొట్టుకున్నవాడికి ఆమాత్రం కోపం ఉండకూడదా? అయినా ఆయన సంగతి నేనే చెప్పాలి. తన గురించి తాను చెప్పుకునే రకం కాదాయన.

ఆయన మా అక్క భర్త. నేను రేకులు వంచే ప్రెస్సు మీద పనిచేస్తున్న ఫ్యాక్టరీలోనే మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మోటారు పక్కన ఒక్క నిమిషం నిలబడి, "దీని బేరింగు వారం ఉండదు" అన్నాడంటే వారం ఉండేది కాదు. అందరూ డాక్టరనేవాళ్ళు. అలాంటి డాక్టరు చేతికి కంపెనీ ఒక ఫోను ఇచ్చింది. అక్కడ పట్టుకుంది శని.

మా ఫ్యాక్టరీని కొన్న సంస్థకు నాలుగు దేశాల్లో ఆఫీసులున్నాయి. ఒక్కోచోటివాళ్ళది ఒక్కో వరస. హెడ్డాఫీసువాళ్ళకు అన్నీ అత్యవసరమే. మీటింగు గదిలో కుర్చీలు మారుస్తున్నామన్నా ఎర్ర అక్షరాలే. ఇంకోచోటివాళ్ళు, రేపు మాట పడాల్సివస్తే అందరం కలిసి పడదామని, ప్రతి ఉత్తరాన్నీ యాభైమందికి పంపుతారు. ప్రెస్సులు తయారుచేసేవాళ్ళు మహా మర్యాదస్తులు. మీ ఆరోగ్యమెలా ఉంది, మీ సహకారం మరువలేం అంటూ పేజీ నడిపించి, అసలు సంగతి చివర్లో నొప్పించకుండా చెబుతారు. ఇవన్నీ వచ్చిపడేది ఆ ఒక్క ఫోనులోకే. రోజుకు రెండువందల పైచిలుకు.

ప్రతిదానికీ పది నిమిషాల్లో "చూశాను" అని జవాబివ్వాలి. ఇవ్వనివాళ్ళ పేర్లు సోమవారం నోటీసు బోర్డెక్కుతాయి. కొన్ని ఉత్తరాలు మా ఫోన్లకూ వచ్చేవి కాబట్టి నాలాంటి ఆపరేటర్లకూ ఇది తప్పలేదు. బావ పేరు రెండుసార్లు ఎక్కింది. మూడోసారి ఎక్కితే ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఉద్యోగానికే ఎసరు. దాంతో మోటార్లను పట్టించుకోవడం మానేసి, అన్నం తింటూ కూడా ఎడంచేత్తో "చూశాను" కొట్టేవాడు. ఒకరోజు కూతురొచ్చి, "నాన్నా, జ్వరంగా ఉంది" అంటే తలెత్తకుండా "చూశానమ్మా" అన్నాడు.

"ఏం చూశారండీ? దాని ఒళ్ళు ముట్టుకుని చూడండి!" అని మా అక్క ఫోను లాక్కుంది. ఆయన వెర్రిమొహం వేశాడు. మేమంతా పడీపడీ నవ్వాం.

ఆ నెలలోనే ఒక మంగళవారం మర్యాదస్తుల ఉత్తరం వచ్చింది. "తమకు వీలు చిక్కినప్పుడు ప్రెస్సుల సెన్సర్లను ఒకసారి పరిశీలింపజేస్తే సంతోషిస్తాము" అని ఆఖరి వాక్యం. వాళ్ళ దేశంలో అలా రాశారంటే యంత్రాన్ని వెంటనే ఆపమని అర్థమట! చెయ్యి అడ్డం వస్తే ప్రెస్సును ఆపేది ఆ సెన్సరే. అదే గంటలో కొత్త లోగో గురించి హెడ్డాఫీసు నుంచి పదిహేను ఎర్ర ఉత్తరాలు. బావ అన్నిటికీ "చూశాను" కొట్టాడు. గురువారం నా చెయ్యి అడ్డం వచ్చింది. ప్రెస్సు ఆగలేదు.

ఆస్పత్రికి వచ్చిన బావ మీద విరుచుకుపడ్డాను. "చూశానని రాశావటగా! అన్నీ తెలిసే నన్ను దాని ముందు నిలబెట్టావా?"

ఆయన తలవంచుకుని వెళ్ళిపోయాడు. మా అక్క ఆయనకు అన్నం వడ్డించేది గానీ మాట్లాడేది కాదు. తెలిసీ ఊరుకున్నాడా, లేదా? మా ఇద్దరికీ కావలసింది ఆ ఒక్క ముక్కే.

మూడు వారాలకు విచారణ పెట్టి అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. "చదివారు, తొందర లేదనుకున్నారు. అంతేగా?" అన్నాడు విచారణాధికారి బావతో, మెత్తగా. "పొరపాట్లు మనుషులు కాక మానులు చేస్తాయా? హెచ్చరికతో పోతుంది. చదవకుండా చూశానన్నారంటే మాత్రం ఉద్యోగం ఉండదు."

బావ నావైపు చూశాడు. "చదవలేదండీ. ఒక్క ముక్క చదవలేదు. చదివుంటే నా ప్రాణముండగా వీణ్ణి ఆ ప్రెస్సు దగ్గరికి పోనిస్తానా?" ఫోను తీసి బల్లమీద పెట్టాడు. "అదొక్కటే కాదు, ఏడాదిగా ఏదీ చదవలేదు."

నా గుండెల్లో ముల్లు ఊడినట్టయింది. లేచి వాటేసుకుందామనుకున్నాను. అంతలో అధికారి కాగితం తిప్పాడు. "ఈ ఉత్తరానికి చూశానన్నవాళ్ళు ఇంకో నలభైమంది ఉన్నారు" అని పేర్లు చదివాడు. పదిహేడో పేరు నాది.

అలాంటి ఉత్తరమొకటి వచ్చిందనే నాకు తెలియదు!

మేనేజరు చదివానన్నాడు. సేఫ్టీ ఆఫీసరు చదివానన్నాడు. ఒక్కొక్కరే చదివాం, చదివాం అంటున్నారు. నా వంతు వచ్చింది. ఈ చేతికి బయట పనెవడిస్తాడు? బావ నావైపు చూసి, వాళ్ళలాగే చెప్పెయ్యమన్నట్టు తలూపాడు.

"చదివానండీ" అన్నాను.

"అయితే తెలిసే చెయ్యి పెట్టారు" అని అధికారి రాసుకున్నాడు. కంపెనీ తప్పేమీ లేదని తేలింది. నలభైమందిమీ మిగిలాం. నిజం చెప్పిన ఒక్కడూ పోయాడు.

మర్నాడు నన్ను తేలికపని అని గేటు దగ్గర వేశారు. బయటికి పోయేవాళ్ళ సంచులు వెతకడం నా డ్యూటీ. మొదట వచ్చింది బావ, ఇరవై రెండేళ్ళ సామాను ఒక సంచిలో వేసుకుని. నాకు చేతులాడలేదు. ఆయనే సంచి విప్పి నా ముందు పెట్టాడు.

"చూడరా. అవతల కెమెరా ఉంది" అన్నాడు.