పిడికెడు తౌడు

దయ్యం, గాలి, ధూళి అని చెప్పేవాళ్లను చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. మా నాయన బడిపంతులు. చింతచెట్టు కింద ఏదో తెల్లగా కనపడిందని ఎవరైనా పరుగెత్తుకొస్తే, "లాంతరు ఇస్తా, పోయి మళ్లా సూసిరాపో" అని పంపేవాడు. ఆయన కూతురిని నేను. పైగా నేను చెప్పబోయేది చీకట్లో జరిగింది కాదు. పట్టపగలు, కర్నూలు నడిబజారులో, ఇసుక వేస్తే రాలనంత జనం మధ్య జరిగింది. నమ్మమని ఎవరినీ బతిమాలడం లేదు. నాకే అంతుపట్టని సంగతిని మీ చేత నమ్మించాలని నాకేం పట్టింది?

ముందు నా బిడ్డ పేరు గురించి చెప్పాలి. దానికంటే ముందు నాకు ఇద్దరు పుట్టి, పేరు పెట్టకముందే పోయారు. పుట్టినింటి కాన్పులు అచ్చిరాలేదని మూడోసారి మా అత్త నన్ను పంపలేదు. బేతంచెర్ల పక్కన వాళ్ల ఊళ్లోనే, ఆమె చేతుల మీదుగా ఆడపిల్ల పుట్టింది.

పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో మా వైపు ఒక ఆచారం ఉండేది. బిడ్డను చేటలో పెట్టి పరాయి మనిషి చేతికి ఇచ్చేస్తారు. మళ్లీ పిడికెడు తౌడు పోసి కొనుక్కుంటారు. కన్న బిడ్డ కాదు, కొన్న బిడ్డ అని తెలిస్తే చావు ఆ గడప తొక్కదని నమ్మకం. అలా కొన్న పిల్లలకు తౌడయ్య, తౌడమ్మ అని పేర్లు పెడతారు.

ఆ రోజు వీధిలో చేటలు అమ్ముకునే ముసలామె పోతుంటే మా అత్త పిలిచింది. అమ్ముడుపోగా మిగిలిన ఒక్క చేటను ఎండకు నెత్తిన బోర్లించుకుని వచ్చిందట. అదే చేటలో బిడ్డను పెట్టి ఆమె చేతికిచ్చి, అత్త తౌడు తేవడానికి లోపలికి వచ్చింది. నేను మంచంలో పడుకుని అంతా వింటున్నాను. అత్త పిడికిలి చాచేసరికి ఆమె బిడ్డను గడప లోపల దించేసి, "ఇప్పుడొద్దులే తల్లీ. బిడ్డ బాగా నడిసేకాలానికి వచ్చి తీసకపోతాలే" అంది. ఆ మాట నా చెవులతో నేను విన్నాను. ఏం తీసుకుపోతుందో మాత్రం చెప్పలేదు.

తౌడే అని మా అత్త అనుకుంది. అనుకుందే గానీ ఆమెకు మనసు కుదుటపడలేదు. ఆ తౌడును గుడ్డలో మూటగట్టి ఉట్టి మీద పెట్టింది. పురుగు పడితే పారబోసి మళ్లీ కొత్త తౌడు కట్టేది. "కొననిదే బిడ్డ మనదెట్లయితాదే?" అని నన్నే అడిగేది. నేను నవ్వేదాన్ని. "నొప్పులు పడింది నేను అత్తా, చేటలామె కాదు" అనేదాన్ని. నేను బిడ్డకు సరోజ అని పేరు పెట్టుకుంటే ఆమె తౌడూ, తౌడూ అని పిలిచేది. వింటే నాకు చిర్రెత్తుకొచ్చేది.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక మా ఆయన బేతంచెర్ల బండల వ్యాపారం పట్టుకుని కర్నూలు చేరాడు. కొత్త ఆఫీసులకు, కొత్త ఇళ్లకు నేలబండలు కావాలి కదా. పేటలో ఒక ఇల్లు బాడుగకు తీసుకున్నాం. అత్త వచ్చింది. ఆమెతో పాటు తౌడు మూట కూడా వచ్చింది.

ఆ రోజుల్లో కర్నూలును చూడాల్సిందే. గుడారాల్లో ఆఫీసులు. మద్రాసు నుంచి వచ్చిన అరవ గుమాస్తాలు, కోస్తా ఆఫీసర్లు, ఎప్పటినుంచో ఉన్న సాయిబులు, మరాఠీ దర్జీలు, ఆదోని వైపు నుంచి వచ్చిన కన్నడం వాళ్లు. బజారులో ఆ మూల నుంచి ఈ మూలకు నడిస్తే నాలుగు భాషల్లో తిట్లు నేర్చుకోవచ్చు. నేను అట్లే నేర్చుకున్నాను.

శ్రావణమాసం. వాన మొహం చాటేసి ఎండ చర్రుమంటోంది. కాలవకు మాత్రం కొత్తగా నీళ్లు వదిలారు. మా ఆయన బేతంచెర్ల పోయాడు. వ్రతానికి గాజులు వేయించుకుందామని సరోజను తీసుకుని బజారుకు వెళ్లాను. దానికి నాలుగో ఏడు నడుస్తోంది.

గాజుల బీబమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె నా చేతిని పిండి పిండి గాజులు ఎక్కిస్తోంది. సరోజ నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. రెండో చేతికి చివరి గాజు ఎక్కించాక కొంగు లాక్కున్నాను. కొంగు తేలిగ్గా వచ్చింది. చివర బిడ్డ లేదు.

పక్క దుకాణంలో ఉంటుందనుకున్నాను. లేదు. ఎదురుగా లేదు. "సరోజా!" అని అరిస్తే బజారులో నా గొంతు నాకే వినపడలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ నెలలోనే ఎక్కడో వంతెన కడుతున్నారని, పునాదికి పసిబిడ్డల్ని బలి ఇస్తున్నారని, ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఊరంతా పుకారు. అలాంటి మాటలు చెప్పినవాళ్లను నేనే కసిరాను. ఇప్పుడు ఆ మాటలన్నీ ఒక్కసారిగా నిజమనిపించాయి.

నాలుగు దుకాణాల అవతల మరాఠీ దర్జీ మిషను ఆపి తల ఎత్తాడు. మా ఆయన చొక్కాలు కుట్టేది ఆయనే.

"బిడ్డ మీ ఆజీతో పాయె కదమ్మా. చెయ్యి పట్టుకోని నవ్వుకుంటా పాయె."

"ఏ ఆజీ? బిడ్డ జేజి, మా అత్త, ఇంట్లో ఉండాది."

"నెత్తిన చేట పెట్టుకొనుండె. గోచీ కట్టు చీర. మా మరాఠీ ఆమే అనుకుంటి. నాతో మా మాటే మాట్లాడె. మీది షోలాపురమా అని అడిగె."

చేట అనే మాట నా చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు. పరుగెత్తాను. కాఫీ హోటలు ముందు యజమాని నిలబడి ఉన్నాడు. ఆఫీసులతో పాటు మద్రాసు నుంచి వచ్చిన అరవాయన. నేను అడగకముందే చెయ్యి చూపించాడు.

"పాపను పాట్టి తీసుకుని వెళ్లింది. పాపకు దాహమంటే నేనే నీళ్లు ఇచ్చాను. పెద్దామె, గుండు చేయించుకున్నామె. మా తంజావూరు మాట. ఎన్నాళ్లకో విన్నాను అలాంటి మాట."

"మరాఠీ ఆమె కాదా?"

"మరాఠీనా! ఏమమ్మా మీరు! నన్ను కన్నా అని పిలిచింది. నెత్తిమీద మొరం." ఆయన రెండు చేతులూ తల మీద బోర్లించి చూపించాడు. వాళ్ల భాషలో మొరం అంటే చేట.

గోచీ చీర కట్టిన మనిషి వేరు, గుండు చేయించుకున్న మనిషి వేరు. అంటే నా బిడ్డను చేతులు మారుస్తున్నారు. దొంగలు ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటున్నారు. అలాగే అనుకున్నాను. మరి ఇద్దరి నెత్తినా చేట ఎందుకుంది?

తమలపాకుల గంప ముందు కూర్చున్న కన్నడం ఆయన్ను అడిగాను. "అజ్జి జత పోయింది కదా" అన్నాడు. ఏ అజ్జి అంటే, తమ బళ్లారి తట్టు అజ్జి అన్నాడు. నెత్తిన ఏముందని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

అప్పుడు నాకు మా అత్త మాట గుర్తొచ్చింది. కొననిదే బిడ్డ మనదెట్లయితాదే. ఛీ, ఏమిటీ పిచ్చి అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే పరుగెత్తాను. చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. కాలు కాలుతున్నట్టు కూడా తెలియలేదు.

పాత కోట బురుజు దగ్గర జట్కాలు నిలిచే చోట ముసలి సాయిబు ఒకడు గుర్రానికి దాణా పెడుతున్నాడు. గుర్రం మూతికి సంచి కట్టి ఉంది. నన్ను చూసి ఎదురొచ్చాడు.

"ఆ బిడ్డ తల్లివి నువ్వేనామ్మా? దాదీమా చెప్పింది, ఎనకాల తల్లి వస్తాదని."

"యాడికి పోయింది? ఏ పక్క పోయింది?"

"కాలవ తట్టు పాయె. తెల్ల దుప్పటి కప్పుకోని, దానిమీద చేట. నేను సలాం పెడితే 'జీతే రహో బేటా' అని దీవించింది. మా ఇండ్లల్లో పెద్దముసలమ్మే." ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్కటే నాకు దెలీలేదమ్మా. నా గుర్రం సంచిలో చూసి, తౌడు ఉండాదా బేటా అని అడిగింది. తీసుకో దాదీమా అన్నా. నువ్విస్తే చెల్లదు, తల్లి ఇయ్యాల అనింది."

ఇంతవరకు రాసినదాంట్లో ఎక్కడైనా నేను పొరబడి ఉండొచ్చు. ఈ మాటలో మాత్రం పొరబడలేదు. తౌడు సంగతి మా ఇంట్లో ముగ్గురికి తప్ప కర్నూలులో ఎవరికీ తెలియదు. బయట చెబితే పరువు తక్కువని నేనే ఎవరికీ చెప్పనివ్వలేదు.

ఆ క్షణంలో మా నాయన నేర్పిన చదువు ఏమైపోయిందో నాకు తెలియదు. గుర్రం మూతి సంచిలో చెయ్యి పెట్టాను. అది తల విసిరి కొరకబోయింది. సాయిబు కళ్లెం పట్టుకుని ఆపాడు. "తీసుకోమ్మా, తీసుకో" అన్నాడు. పిడికెడు తౌడు తీసుకుని కాలవ వైపు పరుగెత్తాను. వేళ్ల సందుల్లోంచి కారిపోతుందేమోనని రెండో చేత్తో పిడికిలిని అదిమి పట్టుకున్నాను. కొత్త గాజులు పటపట పగిలాయి.

కాలవ గట్టు మీద పిట్ట మనిషి లేడు. బట్టలు ఉతికే బండమెట్లు ఉన్నాయి. కొత్త నీళ్లు ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతున్నాయి. కింది మెట్టు మీద నా బిడ్డ కూర్చుని ఉంది. రెండు పాదాలూ నీళ్లలో ఉన్నాయి. పక్కన చేట ఉంది.

అరిస్తే ఉలిక్కిపడి జారుతుందని అరవలేదు. ఒక్కో మెట్టూ దిగాను. సరోజ తల తిప్పి నన్ను చూసింది. ఏడుపు లేదు, భయం లేదు.

"అమా, తౌడు తెచ్చినావా అంటాండాది జేజి" అంది.

"ఎవరే? యాడుంది?"

అది నా పక్కనున్న మెట్టు వైపు చూసింది. నేను అటు చూడలేదు. చూడాలని అనిపించలేదు కూడా. వంగి, చేటలో తౌడు పోశాను. తొందరలో సగం మెట్టు మీద పడింది. బిడ్డను కొనేటప్పుడు మా అత్త అనాల్సిన మాటలు, ఆమె అనగా నేనెప్పుడూ విననివి, నా నోట్లోంచి వచ్చాయి.

"నా బిడ్డను నేను కొనుక్కుంటాండా. తౌడు తీసుకో తల్లీ. బిడ్డను నాకియ్యి."

సరోజను ఎత్తి భుజాన వేసుకుని మెట్లెక్కాను. అది నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. గట్టు ఎక్కుతుండగా నా చెవిలో మెల్లగా చెప్పింది.

"అమా, జేజి తౌడు చెరుగుతాండాది."

నాకూ వినపడింది. చేటను ఎగరేసి పట్టే చప్పుడు. మన ఇళ్లలో రోజూ వినే చప్పుడే. ఒక్కో విసురుకూ మధ్య కాస్త ఆగి, తీరిగ్గా చెరుగుతున్నట్టు వినపడింది. నేను తిరిగి చూడలేదు. బురుజు దగ్గర జనంలో పడేదాకా ఆ చప్పుడు నా వెనకే ఉంది.

ఇంటికి పోగానే అత్త బిడ్డ తడి కాళ్లు చూసింది, నా చేతికి అంటిన తౌడు చూసింది. అడిగింది ఒక్కటే.

"ఎనక్కి తిరిగి సూసినావా?"

"లేదు అత్తా."

"బతికించినావు తల్లీ" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తరువాత చూస్తే ఉట్టి మీద మూట కట్టినట్టే ఉంది. లోపల తౌడు అలాగే ఉంది. ఆ సాయంత్రమే అత్త దాన్ని పక్కింటి ఎనుముకు కుడితిలో కలిపేసింది.

మా ఆయన మర్నాడు వచ్చి అంతా విని, మా నాయనకు తగ్గ అల్లుడిలాగే మాట్లాడాడు. బజారులో ముసలివాళ్లు వందమంది, చేటలు వెయ్యి, నువ్వు కంగారులో ఉన్నావు అన్నాడు. కాలవ దగ్గరికి పోయి చూసొచ్చాడు. చేట లేదట. కింది మెట్టు మీద తౌడు లేదట. నాలుగు నూకలు మాత్రం చెరిగి పోసినట్టు కుప్పగా ఉన్నాయట. గుర్రం దాణాలో నూకలు ఉంటాయిలే అన్నాడు. అని, ఆ రాత్రి అన్నం తినలేదు.

దర్జీని, హోటలాయన్ను మా ఆయన ఒకచోట నిలబెట్టి అడిగితే వాళ్లిద్దరూ కొట్లాడుకున్నంత పని చేశారు. మా ఆజీ అని ఒకడు, మా పాట్టి అని ఒకడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. అబద్ధమాడితే వాళ్లకు వచ్చేదీ లేదు.

సరోజకు ఇప్పుడు మనవరాళ్లు. ఆ రోజు సంగతి దానికి ఒక్క ముక్కా గుర్తు లేదు. నేను మాత్రం ఆనాటి నుంచి దాన్ని తౌడమ్మా అనే పిలుస్తున్నాను. "నలుగురిలో ఏం పేరు మా ఇది?" అని ఇప్పటికీ నా మీద విసుక్కుంటుంది.

ఆమె ఎవరో నాకు తెలియదు. బిడ్డను తీసుకుపోవడానికి వచ్చిందో, తౌడు తీసుకుపోవడానికి వచ్చిందో కూడా తెలియదు. దయ్యాలున్నాయా అని అడిగితే ఈ వయసులోనూ లేవనే అంటాను. కానీ వెనక నుంచి చేట చప్పుడు వినపడితే తల తిప్పను. బిడ్డ మాత్రం నాది. కన్నప్పుడు అయిందో లేదో గానీ, కొనుక్కున్నప్పుడు అయింది.