మావయ్య రొయ్యల చెరువు

మొన్న గుడివాడ నుంచి మోపిదేవి వెళ్తూ, దారిలో ఒక రొయ్యల చెరువు గట్టు మీద ప్యాంటూ షర్టూ, కాళ్ళకి రబ్బరు బూట్లూ వేసుకుని నిలబడ్డ ఆడపిల్లని చూసి కారు ఆపించాను. ఆ పిల్ల ఒక రొయ్యని వెలుతురుకి పట్టి చూస్తుంటే, తలకి కండువాలు చుట్టుకున్న రైతులు ఏం చెబుతుందా అని చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు. గుడికి ఆలస్యమవుతోందని మావారు విసుక్కుంటున్నా నాకు అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. సంతోషమా అంటే సంతోషమే గానీ, దాని వెనకాల ఏడుపు కూడా ఉంది, అబద్ధమెందుకు!

మా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో దివిసీమలో వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేసిన రోజులు. పెళ్ళిపందిట్లో రొయ్య మాటే, బస్సులో రొయ్య మాటే. సరిగ్గా అప్పుడే నేను జువాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, బందరులో రొయ్యల జబ్బులు పరీక్షచేసే ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో చేరాను. డిగ్రీ అవగానే నాకు పెళ్ళి చేసేద్దామని నాన్న పట్టుబట్టి కూర్చుంటే, నాగాయలంక దగ్గర పల్లెలో ఉండే మావయ్య, అంటే మా అమ్మకి అన్నగారు, గుడివాడ వచ్చి నాన్నతో పోట్లాడి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి యూనివర్సిటీలో చేర్పించాడు. ఆయనకి పిల్లల్లేరు. నేనంటే ప్రాణం.

ల్యాబులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. చెరువుల దగ్గరికి పంపేవాళ్ళు గానీ గట్టు మాత్రం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు రైతులు. ఆడది ఎక్కితే మైలపడుతుందనీ, రొయ్య నిలవదనీ ఎక్కడికెళ్ళినా అదే మాట. నేను కొంగు నెత్తిన కప్పుకుని రోడ్డు మీద ఎండలో నిలబడితే, బకెట్లో కాసిని రొయ్యలు తెచ్చి నా ముందు పెట్టేవాళ్ళు. రోగి చెయ్యి పట్టుకోకుండా మందు రాయమన్నట్టుండేది. నాతో చేరిన మగపిల్లలు గట్ల మీద తిరిగి పని నేర్చుకుంటుంటే, నేను బకెట్లు చూసి నేర్చుకున్నాను. ఒళ్ళు మండిపోయేది.

ఒక వేసవిలో తెల్లమచ్చ జబ్బు మొదలైంది. మావయ్యా అందరిలాగే చేలు తవ్వించి చెరువులు వేశాడు, వాటిలోకి ఆ జబ్బు రాకూడదని మొక్కుకుంటూ ఉండగానే, ఒకరోజు పొద్దున్నే ఆయన పాలేరు ఐసుపెట్టెలో రొయ్యలు పట్టుకొచ్చాడు. తల మీది పెంకు ఊడదీసి కిటికీ వైపు పట్టి చూశాను. సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. ఆ జబ్బుకి మందు లేదు. చెయ్యగలిగిందల్లా ఆ నీళ్ళు బయటికి పోకుండా తూము మూసేసి, బ్లీచింగు చల్లి అలాగే ఉంచెయ్యడమే. ఆ ఒక్క చెరువూ పోతుంది, మావయ్యవి మిగతా చెరువులూ, ఊరివాళ్ళవీ బతికిపోతాయి. ఫోను చేద్దామంటే ఆ పల్లెలో లేదు. దొరికిన బస్సెక్కి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి మావయ్య తూము దగ్గరే ఉండి పలకలు ఎత్తించి నీళ్ళు కాలువలోకి వదలబోతున్నాడు. ఇక్కడొక మాట చెప్పాలి. వీళ్ళంతా పుట్టుకతో వరి రైతులు. చేనుకి సుడిదోమ పడితే నీళ్ళు తీసేసి ఆరగట్టి, మళ్ళీ కొత్తనీళ్ళు పెట్టడం వాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. చెరువుకీ అదే వైద్యం అనుకున్నారు. ఆ జబ్బు నీళ్ళు కాలువలో కలిస్తే, పక్కవాళ్ళూ, రేపు తనూ, తోడుకునేది ఆ కాలువలోంచేనని ఎవరికీ తట్టలేదు. వదలొద్దు మావయ్యా, వదలొద్దని రోడ్డు మీంచే అరిచాను. "దోమ పడ్డ చేలో నీళ్ళు నిలబెట్టుకుని కూర్చుంటారటమ్మా ఎవరన్నా?" అన్నాడు, పాపం, నవ్వుతూనే.

ఇంక ఆగలేకపోయాను. చెప్పులు విడిచేసి గట్టెక్కేశాను. చుట్టూ ఒకటే కేకలు. తూము పలకని రెండు చేతులా పట్టుకుని బతిమాలాను, ఏడ్చాను, నువ్వు చదివించిన చదువే కదా మావయ్యా అని కూడా అన్నాను. నన్ను ఏనాడూ కసిరి ఎరగని మనిషి, అందరి ముందూ చేతులు జోడించి, "నీకు దణ్ణం పెడతాను, దిగు తల్లీ" అన్నాడు. ఆ జోడించిన చేతులు చూశాక పలక వదిలేశాను. దిగిపోయాను. నా కళ్ళముందే నీళ్ళు కాలువలోకి పోయాయి.

ఆ పంటలోనే కాలువ పొడుగునా చెరువులన్నీ పోయాయి, మావయ్యవి కూడా. చచ్చిన రొయ్యలు గట్లకి కొట్టుకొచ్చి, ఆ కంపుకి ఊళ్ళో ఎవరికీ అన్నం సయించలేదట. ఇంతకీ ఊళ్ళోవాళ్ళు తేల్చిందేమిటో తెలుసా అండీ? ఆడపిల్ల గట్టెక్కబట్టే ఇదంతా జరిగిందని! మావయ్య ఆ మాట అనలేదు, అన్నవాళ్ళని కాదనీ అనలేదు. రైతులు రావడం మానేస్తారని మా ల్యాబు యజమాని నన్ను బయటి పనికి పంపడం ఆపేశాడు. గాజుసీసాలు కడగమన్నాడు. కుళాయి పూర్తిగా తిప్పుకుని, ఆ చప్పుడులో ఎవరికీ వినపడకుండా ఏడ్చేదాన్ని. ఇంకో ల్యాబుకి వెళ్దామన్నా నా సంగతి నాకన్నా ముందే అక్కడికి చేరేది. ఆ పనికి దణ్ణం పెట్టేసి, గుడివాడలో పిల్లలకి జువాలజీ పాఠాలు చెప్పుకుంటూ బతుకు వెళ్ళదీశాను.

నేను ల్యాబు మానెయ్యబోయే ముందు మావయ్య ఒకసారి బందరు వచ్చాడు. మనిషి సగమైపోయాడు. చేతిలో పాలిథిన్ సంచీ, అందులో గుప్పెడు మట్టి. చెరువులు పూడ్చేసి మళ్ళీ వరి వేద్దామనుకుంటున్నాడట. ఇందులో పండుతుందేమో చూడమ్మా, నువ్వెలా చెబితే అలా చేస్తానన్నాడు. మట్టిని నీళ్ళలో కలిపి ఉప్పు కొలిచే మీటరు పెట్టాను. కడిగి మళ్ళీ పెట్టాను. ఉప్పు. రొయ్యలకని అన్నాళ్ళు ఉప్పునీళ్ళు నిలవబెట్టిన నేల, నాట్లు వేస్తే మాడిపోయేంత ఉప్పు.

ఇప్పుడు రోజులు మారాయి. ఆడపిల్లలు బండ్ల మీద చెరువులకి తిరుగుతున్నారు, మేడమ్ గారూ అని కుర్చీ వేస్తున్నారట, చెప్పింది వింటున్నారట. చల్లగా ఉండాలి ఆ పిల్లలు. నా మాట వినేవాళ్ళు ఒక్కరుంటే చాలని ఎంత ఏడ్చానో నాకే తెలుసు. తీరా వినే మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటే, చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి మాట లేకపోయింది. పండదు మావయ్యా అన్నాను. ఎందుకనైనా అడగలేదు, వెంటనే నమ్మేశాడు.