అద్దంల ఎండ, దుబాయి దీపం

అట్టడబ్బ విప్పంగనే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమన్నది. లోపల అరచెయ్యంత ఎల్‌ఈడీ దీపం. వెనక అయస్కాంతం ఉన్నదట, కారు కింది రేకుకు ఆనిస్తె పట్టుకొని అట్లనే ఉంటదట, ఎంతసేపు వెలిగినా వేడెక్కదట. నిజామాబాద్‌ల ఇల్లు కట్టుకొని కూసున్న మా పెద్దబాపు, అంటే మా బాపు సొంత అన్న, ఆన్‌లైన్ల కొని ఆర్మూర్‌ల మా బాపు ఇంటికి పంపిండు. చౌకది. ఆయన చేతినుంచి చౌకది గాక ఇంకేం వస్తది! ఫోన్ల నాతోటి గూడ చెప్పిండు: "గిది పేలదు, మీ బాపును మంచిగ వాడుకొమ్మను." గిది పేలదట! ఇన్నేండ్లకు నోరు పెగిలింది మహానుభావునికి. నాకైతే గా డబ్బను తీస్కపోయి మోరీల పారెయ్యబుద్ధయింది.

మా బాపు జీపుల మెకానిక్. షాపు లేదు, షెడ్డు లేదు, మా ఇంటి వాకిలే షాపు. బాల్కొండ, మెండోర దిక్కు మనుషులను ఏసుకొని తిరిగే జీపులన్నీ ఏదో ఒక దినం మా వాకిట్ల మొద్దుల మీద లేసి నిలవడేటియి. పసుపు సీజన్ వచ్చిందంటె ఊరంత ఒక్కటే వాసన. ఉడికిన కొమ్ముల ఘాటు, ఎండల ఆరవోసిన రాశుల వేడి, దాంట్ల మా వాకిట్ల డీజిలు, గ్రీజు, అమ్మ బీడీల చాటల తునికాకు, తంబాకు, పొయ్యిమీద కుతకుతలాడే మక్కగట్క, అన్నీ కలిసి ముక్కుల కూసునేటియి.

జీపు కింద మాత్రం పట్టపగలు గూడ చీకటే. వైరు బల్బు పెడదామంటె కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో ఎవలికెరుక. అందుకే అమ్మ పెండ్లికి పెట్టిన బీరువా తలుపు అద్దాన్ని బాపు ఊడదీసిండు. దాన్ని వాకిట్ల ఇటుకకు ఆనిచ్చి, ఎండను పట్టి జీపు కిందికి మళ్లిస్తె ఇంజను అడుగు తెల్లగ మెరిసేది, ఒక్కొక్క నట్టు లెక్కవెట్టొచ్చు. ఎండ నడుస్తది గద, దానెంట అద్దం గూడ నడవాలె. గా పని అమ్మది. ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చుట్టుకుంటనే కాలి బొటనవేలితోటి అద్దాన్ని జరంత జరంత తిప్పేది, చూపు ఆకుమీదికెంచి లేసేది కాదు. కిందినుంచి బాపు "ఇటు జర" అంటె వేలు ఇటు, "అటు జర" అంటె వేలు అటు. పసుపు దుమ్ము పడితె కొంగుతోటి తుడిచేది, తుడవకుంటె జీపు కింద పచ్చటి ఎండ పడేది. మేం పోరగాండ్లం గోడమీద ఆడే ఎండముక్కను పట్టుకునేటందుకు ఎగిరి ఎగిరి సచ్చేటోళ్లం.

గట్లున్న ఇంటికి పెద్దబాపు దుబాయి నుంచి దిగిండు. మనిషికన్న ముందు సెంటు వాసన వచ్చేది. నల్లద్దాలు ఇంట్ల గూడ తియ్యకపోయేది, గడప తట్టుకొని పడ్డా తియ్యకపోయేది. వస్తనే ఒక పాత జీపు కొని, బాగుచెయ్యమని మా వాకిట్ల పెట్టిండు. అద్దాన్ని జూసి ఒకటే నవ్వు.

"బిచ్చగాళ్ల లెక్క ఎండ ఏరుకుంటున్నరేందిరా తమ్మీ! నా ఇజ్జత్ తీస్తున్నరు."

సూట్‌కేసులకెంచి ఒక హాలోజన్ దీపం తీసిండు. చుట్టుపక్కలోళ్లను పిలిచిండు. అమ్మను లేవమన్నడు. భగభగ ఎండ కొడుతుంటె అద్దాన్ని బోర్లేసి, దీపం ఏసిండు. పట్టపగలు దీపం చూపెట్టెటందుకు మందిని జమ చేసిన తెలివిగల్లోడు మా ఖాందాన్‌ల ఆయనొక్కడే.

"అన్నా, మస్తు కాలుతుంది, జర దూరం పెట్టు. పైన పైపు నీళ్లు కారుతున్నయి," అన్నడు బాపు కిందినుంచి.

"దగ్గరుంటెనే కనవడ్తదిరా, నీకేమెరుక," అనుకుంట ఇంకింత లోపలికి నూకిండు.

రేడియేటర్ పైపు నుంచి ఒక నీళ్ల చుక్క జారి కాలుతున్న బల్బుమీద పడ్డది. ఫట్టుమన్నది. బాపు అరుపుకు అమ్మ చాట ఎత్తేసి ఉరికింది. కాళ్లు పట్టి బయటికి గుంజితె మొఖం నిండ రక్తం, కుడికంట్ల గాజు. మంది ఎత్తుకొని ఇంకో బండిల దవాఖానకు ఉరికిన్రు. పెద్దబాపు ఏం జేసిండు? పలిగిన దీపాన్ని చేతులకు తీస్కొని "అయ్యో, ఎంత ఏరి తెచ్చిన!" అన్నడు. నా చెవులార విన్న. సొంత తమ్ముని కన్నుకన్న ముందు ఆయనకు బల్బు యాదికొచ్చింది. థూ!

కుడికంటి చూపు మళ్ల రాలే. ఒంటికన్ను మెకానిక్కు బండి ఇయ్యాలంటె ఎవలికి ధైర్యం? వాకిలి సగం ఖాళీ అయింది, ఇల్లు అమ్మ బీడీల మీద నడిచింది. ఆయన మాత్రం మళ్ల దుబాయి ఎక్కిండు, సెలవుకు వచ్చినప్పుడల్ల పెండ్లిళ్లల్ల కూసొని "వాడే చూసుకోలే, నేనేం జెయ్యాలె" అని చెప్పుకుంట తిరిగిండు. బాపు ఒంటికన్నుతోనే మెల్లగ మళ్ల జీపు కిందికి దూరిండు. అమ్మ అద్దాన్ని మళ్ల ఇటుకకు ఆనిచ్చింది. గంతే, ఇంకే దీపాన్ని జీపు కిందికి రానియ్యలే.

ఇప్పుడు గా ఎండ గూడ లేదు. చుట్టూ మూడంతస్తుల కాంప్లెక్సులు లేసినయి, మా వాకిట్లకు పొద్దంత నీడనే. అద్దం వెనక రసం ఊడిపోయి మొఖం గూడ కనవడ్తలేదు. జీపులు పోయినయి. అమ్మ వేళ్లు వంగుతలేవు, బీడీలు చుట్టుడు బంద్ చేసింది. పసుపు వాసనొక్కటే ఇంక వస్తున్నది, పాపం దానికి తెల్వదు ఈడ ఎవలు మిగిలిన్రో.

ఇయ్యాల నా కారు సైలెన్సర్ కడకడ అంటున్నదని తెచ్చి వాకిట్ల పెట్టిన. చూస్త అని బాపు లేసిండు. చేతుల గా డబ్బల దీపమే!

"గా మనిషి పంపింది నీకెందుకు బాపూ? పారేయ్," అన్న.

"దీపం ఏం జేసింది బిడ్డా," అని కారు కిందికి జరిగిండు. అమ్మ పీట ఏసుకొని ఎప్పటి జాగల్నే కూసున్నది. ముందట అద్దం లేదు, అయినా బొటనవేలు కదులుతనే ఉన్నది.

వంగి చూసిన. తెల్లటి వెలుతురు, నిజం చెప్పాలంటె మంచి వెలుతురే. కానీ దీపాన్ని కుడిదిక్కు, పోయిన కన్ను పక్కకు ఆనిచ్చుకున్నడు.

"గటెందుకు పెట్టినవ్ బాపూ? ఎడమదిక్కు పెట్టుకో, ఇంకా మంచిగ కనవడ్తది."

"గటే ఉండనియ్యి బిడ్డా," అన్నడు, పానా తిప్పుకుంటనే. "పేలితె గటే పేలనియ్యి. గా దిక్కు ఇంక పోయెటందుకు ఏమున్నది?"